రిమ్ముకి సుద్ద రాసి చూడండి: తుంబాకి పాత రిమ్మా, వంపు రిమ్మా?

పోయిన వేసవిలో నందికొట్కూరు నుంచి ఒక పిల్లోడు తుంబాల జత, అదే చేత్తో వాయించే పొడుగు పీపా డ్రమ్ములు, ఆటోలో వేసుకుని మా ఇంటికొచ్చినాడు. చర్చిలో వాయిస్తాడు. మూడు రోజుల సభలు అప్పుడే ముగిసినాయి. కుడిచేతి చూపుడు వేలు మొదట్లో కణుపు వాచి రేగుపండంత అయింది. బొటనవేలి పక్కన చర్మం కమిలి నల్లగా ఉంది.

"అన్నా, ఈ రిమ్ములు పీకేసి వంపు రిమ్ములు ఎయ్యి. ఎంతైనా పర్లేదు" అన్నాడు.

ఎంతైనా పర్లేదు అనేవాడి దగ్గర డబ్బులు తీసుకోవడం చానా సులువు. కానీ ఆ తుంబాలు చూడగానే నాకు తోలుని బిగించే ఇనప కడేల మీద, అదే రిమ్ముల మీద కాదు, తోలు మీద అనుమానం వచ్చింది. వాడికి ఆ రోజు చేసిన పనే ఇక్కడ రాస్తున్నా. రిమ్ములు మార్చాలా వద్దా అని అడిగేవాళ్ళు నెలకు ఇద్దరు ముగ్గురు వస్తుంటారు, అందరికీ మొదట్నుంచీ చెప్పలేక నోరు నొప్పి పుడుతోంది.

నా సంగతి రెండు ముక్కల్లో. కర్నూల్లో ఇరవై ఆరేళ్ళ నుంచి ఆర్కెస్ట్రాల్లో తుంబా వాయిస్తున్నా. చిన్నప్పుడు కోడుమూరు పక్కన మా ఊరి భజన గుళ్ళో డోలకు నేర్చుకున్నా. ప్రోగ్రాం లేని రోజుల్లో ఇంటి ముందు రేకుల షెడ్డులో డోలకులకి, తుంబాలకి తోళ్ళు వేస్తా. ఇనుము పని ఏదైనా తగిలితే బళ్ళారి చౌరస్తా దగ్గర మా బామ్మర్ది వెల్డింగు షాపు ఉంది.

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం. మన ఆర్కెస్ట్రావాళ్ళు తుంబా అంటారు, చర్చిల్లో కాంగో అంటారు. రెండూ తప్పు కాదు. క్యూబాలో ఈ వాయిద్యానికి టుంబడోరా అని పేరు. మామూలుగా మూడు ఉంటాయి. చిన్నది కింటో, మధ్యది కాంగా, పెద్దది టుంబా. అక్కడ పెద్దదాని పేరు మన దగ్గర అన్నింటికీ అతుక్కుపోయింది.

రెండు రిమ్ములూ చేతికి ఎట్లుంటాయి

పాత రిమ్ము అంటే ఇనప పట్టీని గుండ్రంగా వంచి, రెండు కొసలూ వెల్డింగు చేసిన కడెం. తోలు లోపల ఒక సన్నటి ఇనప రింగు ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు తోలుని దాని చుట్టూ మడిచి లోపలికి దోపుతాం. పట్టీ కడెం ఆ రింగు మీద నిలువుగా కూర్చుని కిందికి నొక్కుతుంది. హుక్కులు ఆ కడేన్ని పట్టి లాగుతాయి, కింద నట్టు బిగించేకొద్దీ కడెం దిగుతుంది, తోలు బిగుస్తుంది. కడెం పై అంచు మీద వేలు పెట్టి ఒకసారి చుట్టూ తిప్పండి. మెట్ల పక్కన ఇనప రెయిలింగు పట్టీ అంచు తగిలినట్టు ఉంటుంది. చవక సరుకైతే వెల్డింగు అతుకు దగ్గర గరుగ్గా కూడా ఉంటుంది.

వంపు రిమ్ము పై అంచు బయటికి తిరిగి గుండ్రంగా ఉంటుంది. స్టీలు చెంబు మూతి మీద వేలు తిప్పినట్టే. రెండో తేడా కంటికి ఆనదు గానీ అసలైన తేడా అదే. ఈ రిమ్ము తోలు మట్టానికి చానా కిందుగా కూర్చుంటుంది. అంత కిందికి దిగాలంటే తోలు పక్కలకి ఎక్కువ పొడుగు దిగాలి. ఆ దిగిన భాగాన్ని కాలరు అంటారు. పాత రిమ్ముకి పొట్టి కాలరు చాలు, వంపు రిమ్ముకి పొడుగు కాలరు కావాలి. ఈ ఒక్క వాక్యం తెలియక నేను ఎంత పోగొట్టుకున్నానో కింద చెప్తా.

ఈ రిమ్ములు మొదట్నుంచీ ఉన్నవి కావు. క్యూబాలో ముందు తోలుని చెక్క పీపా అంచుకి మేకులతో కొట్టేసేవాళ్ళు. శ్రుతి పెరగాలంటే మంట దగ్గర పెట్టి కాచడమే, మనవాళ్ళు డప్పు కాచినట్టు. ఆ డ్రమ్ములకి చేతికి తగిలే ఇనుమే లేదు. పోయిన శతాబ్దం మధ్యలో హుక్కులు, కడేలు వచ్చినాయి. అందులో పటాటో వాల్డెస్ అనే క్యూబా వాద్యకారుడి పేరు ఎక్కువగా వినిపిస్తుంది. శ్రుతి చేతికి అందింది, దాంతోపాటే కణుపుల వాపూ అందింది. 1962లో అమెరికా క్యూబా సరుకు మీద నిషేధం పెట్టడంతో అక్కడి డ్రమ్ములు న్యూయార్కులో దొరకడం ఆగిపోయింది. 1964లో మార్టిన్ కోహెన్ అక్కడే ఎల్పీ (లాటిన్ పర్కషన్) అనే డ్రమ్ముల కంపెనీ మొదలుపెట్టినాడు. వంపు రిమ్ముకి కంఫర్ట్ కర్వ్ అనే పేరు ఆ కంపెనీదే. మైనల్ లాంటి వేరే కంపెనీలూ గుండ్రటి రిమ్ములు వాళ్ళ వాళ్ళ పేర్లతో చేస్తున్నాయి. మనవాళ్ళు ఏదైనా సరే వంపు రిమ్ము అనేస్తారు, నేనూ అట్లే అంటా.

సుద్ద పరీక్ష

నందికొట్కూరు పిల్లోణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, మా పాప బడి సంచిలోంచి తెల్ల సుద్ద ఒకటి, టైలరు దగ్గర అడుక్కున్న నీలం సుద్ద ఒకటి తీసినా. వాడు నా మొహం చూసినాడు, ముగ్గేస్తాడేమో అనుకున్నట్టుంది.

రిమ్ము పై అంచు చుట్టూ తెల్ల సుద్ద దిట్టంగా రుద్దాలి. పీపా అంచు మీద తోలు వంగి కిందికి దిగే చోటు ఉంటుంది కదా, అక్కడ చుట్టూ నీలం సుద్ద రుద్దాలి. చేతులు తడిలేకుండా తుడుచుకోవాలి. ఇక ఐదు నిమిషాలు వాయించాలి. మీరు రోజూ స్టేజీ మీద ఎట్లా వాయిస్తారో అట్లే. నా ముందు పిల్లోళ్ళు బిగుసుకుపోయి పద్ధతిగా వాయిస్తారు, అది పనికిరాదు. అందుకే వాడికి ఫోన్లో ఒక ఆరాధన పాట పెట్టి, నేను లోపలికి పోయి టీ పెట్టుకుని వచ్చినా. ఓపెన్లు (అంచు దగ్గర కొట్టి మోగనిచ్చే దెబ్బలు), స్లాపులే (చురుక్కుమని పలికే దెబ్బలు) వాయించమన్నా. బేసు కొట్టేటప్పుడు చెయ్యి మధ్యకి పోతుంది, దాంతో మనకి పనిలేదు.

ఐదు నిమిషాల తర్వాత అరచేతులు తిప్పి చూడాలి. నీలం గీత ఎక్కడుండాలంటే, నాలుగు వేళ్ళ మొదట్లో అరచేతి మీద ఉబ్బెత్తుగా ఉండే మెత్తటి గట్టు మీద. కాయలు కాసేదీ అక్కడే. ఓపెన్ మోగేటప్పుడు పీపా అంచుకి తగలాల్సింది ఆ గట్టే. తెల్ల సుద్ద అసలు ఉండకూడదు, ఉన్నా పొడి పొడిగా అంటుకున్నట్టు ఉండాలి.

తెల్లది గీతలా పడితే అది ఎక్కడ పడిందో చూడండి. రెండు చేతుల్లోనూ అరచేయి మధ్యలో అడ్డంగా, నీలం గీతకి సమాంతరంగా పడిందంటే మీ రిమ్ము తోలు మట్టానికి మరీ దగ్గరగా ఉంది. ఇది రిమ్ము ఎత్తు తప్పు. చూపుడు వేలు మొదట్లో, బొటనవేలి కణుపు మీద మాత్రమే పడితే చెయ్యి పక్కకి తిరిగి పడుతోందని అర్థం. ఇది మీ చేతి తప్పు, కాకపోతే స్టాండు తప్పు. మూడోది, మణికట్టుకి పైన మెత్తటి చోట పడటం. హీల్-టో వాయించేటప్పుడు, అంటే అరచేయి మడమ, వేళ్ళ కొసలు మార్చి మార్చి ఊపేటప్పుడు, ఆ చోటు రిమ్ము మీద ఒత్తుకుంటుంది. వంపు రిమ్ము ఆకారం వల్ల నిజంగా మేలు జరిగేది ఈ మూడోదానికే. మొదటి రెండింటికీ వంపు రిమ్ము వేసినా నొప్పి పేరు మారుతుందంతే.

పిల్లోడి కుడిచేతిలో రెండూ ఉన్నాయి. అరచేతికి అడ్డంగా తెల్లటి చార, బొటనవేలి మీద చిక్కటి మచ్చ. ఎడమచేతిలో చార ఒక్కటే. నీలం దాదాపు లేదు. అంటే వాడి చెయ్యి ఇన్నాళ్ళూ పీపా అంచుని కాదు, ఇనుముని కొడుతోంది. ఓపెన్ సరిగా మోగకపోవడంతో ఇంకా గట్టిగా కొట్టినాడు, ఇంకా వాచింది.

స్కేలు పెట్టి కొలవడం

అడుగు స్టీలు స్కేలుని తోలు మీద అడ్డంగా పెట్టి, ఒక కొస రిమ్ము దాటి బయటికి రానివ్వండి. స్కేలు కింది వైపు నుంచి రిమ్ము పై అంచు దాకా సందు ఎంతుందో ఇంకో స్కేలుతో కొలవండి. ఒక్కచోట కాదు, ప్రతి హుక్కు దగ్గరా. నా లెక్కలో పాత రిమ్ముకి కనీసం అర ఇంచు ఉండాలి, ముప్పావు ఉంటే హాయి. వంపు రిమ్ముకి ఇంచు, ఇంచున్నర దాకా ఉంటుంది. పిల్లోడి జతలో ఒకదానికి ఒకవైపు పావు ఇంచు, ఎదురువైపు అర ఇంచు వచ్చింది. రిమ్ము వాలింది, పైగా ఎత్తుగా ఉంది.

కారణం తోలు. నెల కిందటే కొత్త తోలు వేయించుకున్నాడంట. కొత్త తోలు ఇంకా సాగి ఉండదు, కొంచెం బిగించగానే శ్రుతి ఎక్కేస్తుంది, రిమ్ము కిందికి దిగే పనే పడదు. పాతబడిన తోలు సాగుతుంది, అదే శ్రుతి కోసం ఇంకా ఇంకా లాగుతాం, రిమ్ము దిగుతుంది. అందుకే చానామంది పాత తోలుతో హాయిగా వాయించి, కొత్త తోలు వేయగానే చేతులు నొప్పులని రిమ్ముని తిడతారు. రిమ్ము అదే, మారింది దాని ఎత్తు. ఆ తోలు వేసినాయన పచ్చిగా ఉన్నప్పుడు కాలరు చాలినంత దించలేదు. ఎవరని అడగలేదు, పిల్లోడూ చెప్పలేదు.

కాలరు దించి తోలు వేయడం

రిమ్ములు కొనే ముందు ఇది ఒకసారి చేసి చూడండి. ఖర్చు ఒక తోలుది మాత్రమే.

కావాల్సింది పచ్చితోలు. సున్నంలో వెంట్రుకలు తీసి ఎండబెట్టినది. చెప్పులకి పదును చేసిన తోలు మోగదు. మేకతోలు పల్చన. నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట బొమ్మలకి దీపం వెలుగు దాటాలి కాబట్టి అది వాళ్ళకి బంగారం, తుంబా స్లాపుకి మాత్రం ఆగదు. నేను ఎనుము తోలు వాడతా. కింటోకి కొంచెం పల్చనిది, పెద్దదానికి మందంది. తోలుని వెలుతురుకి పెట్టి చూస్తే మచ్చలు, సన్నబడిన చోట్లు కనబడతాయి. ఆ ముక్క పక్కన పెట్టేయండి.

కొలత పీపా అంచుకి తీసుకోవాలి, రిమ్ముకి కాదు. కంపెనీ డ్రమ్ముల్లో మామూలుగా కింటో 11 ఇంచులు, కాంగా 11¾, టుంబా 12½. మన దేశంలో చేసినవాటిలో ఇవే కొలతలు ఉంటాయని నమ్ముకోవద్దు, టేపు పెట్టండి. పాత రిమ్ముకి ఆ కొలత మీద చుట్టూ మూడు నాలుగు ఇంచులు ఎక్కువ ఉండేట్టు కోస్తా. వంపు రిమ్ముకైతే ఇంకో ఇంచు కలుపుకోవాలి.

రాత్రి చల్లనీళ్ళలో నానేస్తే పొద్దునకి తడిగుడ్డలా వంగుతుంది. వేడినీళ్ళు పోయొద్దు, తోలు ఉడికి జిగురవుతుంది. పీపా మీద పరిచి, లోపలి రింగు పెట్టి, మిగులు తోలుని రింగు చుట్టూ పైకి మడిచి, రిమ్ముకీ పీపాకీ మధ్యలోంచి బయటికి లాగుతా. రిమ్ము కూర్చోబెట్టి హుక్కులు తగిలించి, నట్లు చేత్తో తిరిగినంత తిప్పుతా. అప్పుడు పట్టకారుతో మిగులు తోలుని ఎదురెదురుగా లాగుతూ ముడతలు తీస్తా. ఈ పనికి రెండోమనిషి ఉంటే మేలు. మా ఆవిడ ఒకవైపు పట్టుకుని "ఇంట్లో ఈ వాసనేంది" అని తిడుతూనే నాకంటే సమంగా లాగుతుంది.

ఇక అసలు సంగతి. తడిగా ఉన్నప్పుడే రిమ్ము ఎంత కిందికి దించుతారో కాలరు అంతే ఉంటుంది, ఎండినాక దిగదు. అట్లని పూర్తిగా దించేస్తే తర్వాత శ్రుతికి నట్టు తిప్పే చోటు మిగలదు. తడి మీద పాత రిమ్ముని అర ఇంచు కిందికి తెచ్చి ఆపుతా. ఎండి, వాయించి, సాగినాక ముప్పావుకి అదే వస్తుంది. ప్రతి హుక్కు దగ్గరా స్కేలు పెట్టి సరిచూస్తా. నట్లు వరసగా గుండ్రంగా, ఒక్కోదానికి అర తిప్పు చొప్పున. ఒకేదాన్ని నాలుగు తిప్పులు తిప్పితే రిమ్ము వాలుతుంది, పిల్లోడి డ్రమ్ముకి జరిగింది అదే. నా డ్రమ్ముల నట్లకి స్కూటరు మెకానిక్కులు వాడే 13 నంబరు పానా సరిపోతుంది.

ఎండబెట్టడం నీడలోనే. కర్నూలు ఎండలో పెడితే పైన ఎండి లోపల తడి ఉండిపోతుంది, ఆనక ఒకవైపు లాగేస్తుంది. రెండు మూడు రోజులు పడుతుంది. ఎండినాక మిగులు తోలుని బ్లేడుతో రిమ్ము కిందికి కోసేస్తా. రిమ్ము పైకి ఒక్క పీలిక కూడా రాకూడదు, అది ఎండి గాజుపెంకులా కోస్తుంది.

పిల్లోడి రెండు డ్రమ్ములకీ ఇదే చేసినా. రిమ్ములు అవే. ఒక్కటి మాత్రం మార్చినా, వెల్డింగు అతుకు దగ్గర పై అంచుని ఆకురాయితో గుండ్రం చేసి, 120 నంబరు ఎమరీ పేపరు రుద్ది, క్రోమియం పోయిన చోట బండ్లకి కొట్టే లక్కరు పూసినా. పూయకపోతే చేతి చెమటకి నెలలో తుప్పు పడుతుంది. కొందరు రిమ్ము మీద సైకిలు ట్యూబు కోసి తొడుగుతారు. ఆ పని చేయొద్దు. మెత్తగా ఉన్నట్టే ఉంటుంది గానీ రిమ్ము మూడు నాలుగు మిల్లీమీటర్లు పైకి పెరుగుతుంది, మనం దించాలని చూస్తుంటే అది ఎక్కిస్తుంది.

మరి వంపు రిమ్ము ఎవరికి

నా దగ్గరా ఒక వంపు రిమ్ముల జత ఉంది. దాని కథ ఇది. ఎనిమిదేళ్ళ కిందట ఒక పెద్ద ఊరి షాపులో సెకండ్ హ్యాండు తుంబాలు కొన్నా. ఫైబరు హెడ్డు, అంటే తోలు బదులు వేసే ప్లాస్టిక్ రకం, ఒకదానికి అంచున చీలిక ఉంది. "దానికేముందన్నా, 11¾ హెడ్డు ఏదైనా పడుతుంది" అని షాపాయన ఇంకోటి అంటగట్టినాడు. ఇంటికొచ్చి బిగిస్తే రిమ్ము సగంలోనే ఆగింది. వ్యాసం సరిపోయింది, కాలరు పొట్టిది. రిమ్ము దిగదు, హుక్కు అందదు, మరలు నాలుగు చుట్లు కూడా పట్టలేదు. ఆ రాత్రి కడపలో పెద్ద దర్గా ఉరుసుకి ఖవాలీ పార్టీతో పోవాలి. ఒక్క కింటోతోనే మేనేజ్ చేసినా. హెడ్డు వాపసు తీసుకోనన్నారు, విప్పినావు కదా అన్నారు.

అందుకని వంపు రిమ్ముకి హెడ్డు కొనేటప్పుడు వ్యాసం ఒక్కటే చెప్తే చాలదు, పొడుగు కాలరుదని నోరు తెరిచి అడగాలి. రెమోలాంటివాళ్ళు ఫైబరు హెడ్లు ఈ రిమ్ములకని వేరేగా చేస్తారు. మీ డ్రమ్ము కంపెనీ, మోడలు చెప్పి అడగండి. పాత రిమ్ము తీసి వంపు రిమ్ము వేద్దామనుకునేవాళ్ళు హుక్కుల సంఖ్య, వాటి మధ్య దూరం, హుక్కు పొడుగు కూడా చూసుకోవాలి. రిమ్ము కిందికి దిగేసరికి పొడుగు హుక్కు కొస చాలా కిందికి వేలాడుతుంది, మర అయిపోయి నట్టు ఆగిపోవచ్చు కూడా. ఒక కంపెనీ రిమ్ము ఇంకో కంపెనీ పీపాకి సరిగ్గా కూర్చోవడం నేను తక్కువ చూసినా.

ఇన్ని తిప్పలున్నా ఆ జత అమ్మలేదు. నాలుగు గంటల పెళ్ళి రిసెప్షను, వరసగా మెలోడీ పాటలు, చెయ్యి ఎత్తకుండా హీల్-టో నడపాలి అనుకోండి, అప్పుడు అదే తీసుకుపోతా. మణికట్టు దగ్గర మెత్తటి చోటుకి నాలుగో గంటలో తేడా తెలుస్తుంది. నలభై ఐదు దాటినాక కీళ్ళు గుర్తు చేయడం మొదలుపెడతాయి, వాళ్ళకీ ఇదే మంచిది. ఇంకో రకం మనుషులకి కూడా చెప్తా, డోలకు నుంచి తుంబాకి వచ్చినవాళ్ళకి. నేనూ ఆ బాపతే. డోలకు మీద వేళ్ళకి అడ్డం వచ్చే ఇనుము ఉండదు, మణికట్టు కిందికి జారినా నడుస్తుంది. ఆ అలవాటు తుంబా మీదికి వస్తే మణికట్టు పడిన ప్రతిసారీ అరచేయి రిమ్ముకి గుద్దుకుంటుంది. అలవాటు మారేదాకా వంపు రిమ్ము కాపాడుతుంది. మారినాక అవసరం ఉండకపోవచ్చు.

పల్లెల్లో వాయించేవాళ్ళకి, తోలు దొరికిన చోట వేయించుకునేవాళ్ళకి మాత్రం నేను పాత రిమ్మే చెప్తా. ఏ తోలైనా పడుతుంది. వంగితే మా బామ్మర్దిలాంటివాడు ఎవడైనా సరిచేస్తాడు. పట్టీ రిమ్ముకి మైకు క్లిప్పు కూడా గట్టిగా పడుతుంది. వంపు రిమ్ముకి నా క్లిప్పు జారిపోతే ఆదోనిలో ఒక ప్రోగ్రాం మొత్తం గుడ్డ పీలికతో కట్టి లాగించినా. నాదంలో తేడా గురించి చానామంది వాదిస్తారు. నా చెవికి రిమ్ము తేడా కంటే తోలు తేడా పదింతలు. ఎనుము తోలు వేసిన వంపు రిమ్ము డ్రమ్ముని, ఫైబరు వేసిన పాత రిమ్ము డ్రమ్ముని పక్కపక్కన పెట్టి రిమ్ము వల్లే నాదం మారిందనేవాళ్ళతో నేను మాట్లాడను.

స్టాండు, ఎండ, వాన

తెల్ల సుద్ద బొటనవేలి మీద పడినవాళ్ళు ముందు స్టాండు చూసుకోండి. నిలబడి వాయిస్తే తోలు మట్టం బొడ్డు దగ్గర ఉండాలి. ఇంకా కిందికుంటే భుజాలు వంగి చెయ్యి పక్కకి తిరుగుతుంది, బొటనవేలు ఇనుముని వెతుక్కుంటుంది. కూర్చుని వాయించేవాళ్ళు డ్రమ్ముని కాళ్ళ మధ్య కొంచెం అవతలికి వాల్చి, కింద సందు ఉంచాలి. అప్పుడు బేసూ బాగుంటుంది. నందికొట్కూరు పిల్లోడి చర్చిలో స్టాండు లేదంట, రెండు డ్రమ్ములూ నేల మీదే నిటారుగా. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పైనుంచి కొడుతున్నాడు. రెండు ఇటుకలు గుడ్డలో చుట్టి కిందపెట్టి వాల్చమన్నా. ముందు నవ్వినాడు.

ఏప్రిల్, మే నెలల్లో కర్నూల్లో 42, 43 డిగ్రీలుంటుంది. పొడి గాలికి తోలులో తడి ఆరిపోయి అదే బిగుస్తుంది, శ్రుతి పైకి పోతుంది. వాన పడితే జారుతుంది. ఒక మే నెలలో వ్యాను టాపు మీద కట్టిన నా పెద్ద డ్రమ్ము ఎమ్మిగనూరు చేరేసరికి నడిమధ్యలో టప్పుమని చీలింది. అప్పటినుంచి ప్రోగ్రాం అయిపోగానే ప్రతి నట్టూ ఒకటిన్నర తిప్పు వదులుతా. మళ్ళీ వాయించేటప్పుడు అదే ఒకటిన్నర బిగిస్తా, రిమ్ము వాలదు, మట్టం మారదు. ఫైబరుకి ఈ గొడవ లేదు, ఆ ఒక్క మాట ఒప్పుకోవాలి.

పిల్లోడు నెల తర్వాత ఫోన్ చేసి మళ్ళీ సుద్ద పరీక్ష చేసుకున్నానని అరచేయి ఫొటో పంపినాడు. నీలం గీత గట్టు మీద చక్కగా పడింది. బొటనవేలి మీద మాత్రం ఇంకా కొంచెం తెలుపుంది. ఇటుక ఇంకొకటి పెట్టమన్నా.

పానా ఎప్పుడూ డ్రమ్ము కవరు జేబులోనే పెట్టుకోండి. నాది ఒకటి ఆదోని కల్యాణ మంటపంలో షామియానావాళ్ళు అడిగి తీసుకున్నారు, ఇంతవరకూ తిరిగి రాలేదు.